వరసలో ఇచ్చిన తాళంచెవి

మా అమ్మ పావాయి శుక్రవారం పొద్దున్నే వాకిలి ఊడ్చి, చీపురు గోడకు చేరవేసి, అరుగు మీద కూర్చుంది. సుగంధి కాఫీ గ్లాసు తీసుకొని వెళ్లేసరికి గోడకు ఆనుకొని అలాగే ఉంది. సుగంధి నా భార్య. మామూలుగా గట్టిగా మాట్లాడే మనిషి. ఆ రోజు నన్ను పిలిచిన గొంతు చాలా చిన్నది. ఆ గొంతు విని, బడికి ఇస్త్రీ చేసుకుంటున్న చొక్కా చేతిలోనే పట్టుకొని బయటికి వచ్చాను.

డాక్టరు చూసి వెళ్లిపోయాక నేను మొదట ఫోన్ చేసింది అర్ధనారికి.

మేము ఇద్దరమే అన్నదమ్ములం. నేను సంకగిరి దగ్గర పంచాయతీ బడిలో మాస్టర్ని. వాడు నాకన్నా బాగా చిన్నవాడు, లారీ డ్రైవరు. డ్రైవరుకు పిల్లనిచ్చేవాళ్లు ఇప్పుడు మావైపు ఎవరూ లేరు. పెళ్లి కాలేదు. మాతోనే ఉంటాడు. కోయంబత్తూరులో కార్ల విడిభాగాలు ఎక్కించుకొని, శ్రీపెరుంబుదూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో దింపి వస్తుంటాడు.

మాలో తండ్రి చితికి పెద్దకొడుకు, తల్లి చితికి చిన్నకొడుకు నిప్పు పెట్టాలి. నాన్న పోయినప్పుడు నేను పెట్టాను. అమ్మది వాడి వంతు. మేమిద్దరం దేనికైనా వాదించుకుంటుంటే అమ్మ మధ్యలోకి వచ్చి, "మాస్టరూ, నువ్వెంత చదివినా నా నిప్పు చిన్నోడిదే. నువ్వు నోరు మూసుకో" అనేది. నవ్వుతూనే అనేది. అయినా ఆ మాట ఆమె ఎన్నడూ మరిచిపోలేదు, వాడూ మరిచిపోలేదు.

"చెప్పన్నా. ఇంకా లోపలికి పిలవలా. వరసలోనే ఉన్నా" అన్నాడు అర్ధనారి.

"బండి ఆగే ఉందా?"

"ఆగే ఉంది. ఏంటి?"

ఎలా చెప్పాలో కొంచెం అనుకొనే ఫోన్ చేశాను. అనుకున్నది ఒక్కటీ గుర్తు రాలేదు. "అమ్మ పోయిందిరా" అన్నాను.

వాడి వెనక హారన్ మోగింది. ఎవరో, "ఓయ్, నిద్రపోతున్నావా? ముందుకు జరుపు!" అని అరిచారు. ఇంజిను స్టార్టయిన చప్పుడు వినిపించింది. లారీ కొంచెం దూరం కదిలి, బ్రేకు గాలి వదిలి ఆగింది. అప్పుడు అడిగాడు, "ఎప్పుడు?" అని.

ఆ ఫ్యాక్టరీలో సరుకు నిలవ పెట్టుకోరు. ఏ భాగం ఏ వేళకు కావాలో ఆ వేళకే లారీ గేటు దాటాలి. డ్రైవర్లు దాన్ని స్లాటు అంటారు. ముందు వస్తే రోడ్డు మీద పడి ఉండాలి. ఆలస్యమైతే వరస చివరికి పోవాలి. అందుకని అందరూ ముందురోజు రాత్రికే చేరి వరసలో నిలబడతారు. వరస ఉన్నట్టుండి కదులుతుంది. కదిలినప్పుడు డ్రైవరు సీట్లో లేకపోతే వెనకవాళ్లు ఊరుకోరు. ఆ రోజు అర్ధనారి స్లాటు పదకొండు గంటలకు.

దారిలోనూ అంతే. లారీ ఎక్కడైనా కాసేపు ఆగిందంటే ఓనరు ఆఫీసులో తెర మీద కనిపిస్తుంది, ఫోన్ వస్తుంది. మా ఊరి పక్కనుంచే వెళుతూ వాడు ఇంటికి రాలేడు. అందుకని అమ్మ ఒక ఏర్పాటు చేసుకుంది. వాడు కోయంబత్తూరులో బయల్దేరినప్పుడు ఫోన్ చేస్తాడు. అమ్మ టోల్‌గేటు దగ్గరికి వెళ్లి, లారీలు నెమ్మదించే చోట నీళ్ల ట్యాంకు నీడలో నిలబడుతుంది. వాడి లారీ రాగానే పక్కన నడుస్తూ అన్నం సంచి పైకి అందిస్తుంది. వాడు ఒక చేత్తో స్టీరింగు పట్టుకొని ఇంకో చేత్తో సంచి లాక్కుంటాడు. ఆ నాలుగడుగులు నడిచేలోపే ఇద్దరూ మాట్లాడుకోవలసింది మాట్లాడుకుంటారు. గురువారం మధ్యాహ్నం కూడా అలాగే ఇచ్చి వచ్చింది. పులిహోర చేసింది. రాత్రి పడుకోబోయే ముందు వాడికి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"తిన్నావా సామీ?"

"తిన్నానమ్మా. నూనె కొంచెం ఎక్కువ పోశావు."

"నూనె ఎక్కువుంటేనేరా మూడు రోజులుండేది. పిచ్చోడా" అంది అమ్మ. ఫోన్ పెట్టేశాక కూడా ఆమె మొహంలో ఆ సంతోషం కొంచెంసేపు ఉంది.

అర్ధనారితో మాట్లాడి ఫోన్ పెట్టేసిన కొద్దిసేపటికే వాళ్ల ఓనరు కుళందైవేలు నాకు ఫోన్ చేశాడు.

"మాస్టారూ, ఏం చెప్పను? ఆ తల్లి చేతి అన్నం నేనూ తిన్నాను. కానీ మీరు చదువుకున్నోళ్లు, అర్థం చేసుకోవాలి. ఆ బండి పదకొండుకి లోపలికి పోకపోతే అక్కడ కార్లు కట్టే పనే ఆగిపోతుంది. దింపేసి బయల్దేరమనండి. రాత్రికల్లా మీ ఇంట్లో ఉంటాడు."

"ఇంకో డ్రైవర్ని పంపకూడదా?"

"ఎక్కణ్ణించి పంపను? ఇక్కణ్ణించి ఇప్పుడు పోయినవాడు అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. మీరే చెప్పండి వాడికి. మీ మాటయితే వింటాడు."

నేను చెప్పలేదు. సరేనని మాత్రం అన్నాను.

ఎండ వాకిట్లోకి వచ్చేలోపు మా మేనమామ చెన్నియప్పన్ వచ్చాడు. అమ్మకు అన్న. కర్ర పక్కన పెట్టి చెల్లెలి కాళ్ల దగ్గర కాసేపు కూర్చున్నాడు. తర్వాత కళ్లు తుడుచుకొని నన్ను పిలిచాడు.

"చిన్నోడేడీ?"

"శ్రీపెరుంబుదూరులో ఉన్నాడు మామా. పదకొండుకి సరుకు దింపాలని టైమిచ్చారు."

"ఎవరిచ్చారు?"

"ఫ్యాక్టరీవాళ్లు."

"యముడు కూడా వాళ్లనే అడిగి రావలసింది. పాపం, తెలిసినట్టు లేదు." కర్ర అందుకొని అన్నాడు, "కలెక్టరుకైనా సెలవు దొరుకుతుందిరా. వాడేం ఉద్యోగం చేస్తున్నాడు?"

"రేపటిదాకా ఉంచుదాం మామా. ఐసు పెట్టె తెప్పిస్తాను."

"రేపు శనివారం."

"కోడిని కడదాం."

శనివారం శవం ఒంటరిగా పోదని, ఇంటి నుంచి ఇంకొకరిని తోడు పిలుస్తుందని మావాళ్ల నమ్మకం. అలాంటప్పుడు పాడెకు బతికున్న కోడిపిల్లను కట్టి, అదే తోడని చెప్పుకుంటారు.

మామ నా వైపు చూడకుండా అన్నాడు, "మీ అత్త శనివారమే పోయింది. కోడిని కట్టాం. పదహారో రోజు కర్మ కూడా కాకముందే మా పెద్దోడు బైకు మీద పోయాడు. బళ్లో పిల్లలకి నువ్వేం చెప్పుకుంటావో చెప్పుకో. నా దగ్గర మాత్రం కోడి మాట ఎత్తకు."

ఆ అబ్బాయిని ఆసుపత్రి నుంచి తెచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ఫోన్ తీసుకొని వాకిట్లోకి వచ్చాను.

తిరుచెంగోడు రోడ్డులో ఉన్న గ్యాసు దహనవాటికకు ఫోన్ చేశాను. అక్కడి గుమాస్తా రిజిస్టరు చూసి, శనివారమంతా నిండిపోయిందని, ఈ రోజు సాయంత్రం ఐదుకి ఒక్క ఖాళీ ఉందని చెప్పాడు. అమ్మ పేరు చెప్పాను. "ఐదంటే ఐదే సార్. ఆరుకి ఇంకొకళ్లున్నారు" అన్నాడు.

అప్పటికి ఏడు కాలేదు. అర్ధనారి నుంచి ఫోన్ వచ్చింది. గొంతులో ఆయాసం ఉంది.

"అన్నా, నేను బస్సెక్కాను. రెండింటికల్లా వస్తా. అమ్మకి స్నానం చేయించకండి. నీళ్లు నేను తేవాలి."

"బండి?"

"పిచ్చైముత్తు అన్నకిచ్చాను."

పిచ్చైముత్తును నేను ఎన్నడూ చూడలేదు. కరూరువైపు డ్రైవరు. అరవైకి దగ్గర పడుతున్న మనిషి. ఆ రోజు అర్ధనారి వెనక బండి ఆయనది. ఆ ఫ్యాక్టరీ ముందు తప్ప వాళ్లిద్దరూ ఇంకెక్కడా కలిసింది లేదు. అక్కడ ఏం జరిగిందో వాడు తర్వాత చెప్పాడు.

ఆ వరసలో ఒక పద్ధతి ఉంది. స్నానానికో, టిఫినుకో, అవసరానికో దిగేవాడు తన తాళంచెవి వెనక బండివాడికి ఇచ్చి వెళతాడు. వరస కదిలితే వెనకవాడు ముందు ఆ బండిని జరిపి, మళ్లీ పరుగెత్తుకొచ్చి తన బండిని జరుపుకుంటాడు. చెయ్యి చాపి తాళం ఇస్తే కాదనకూడదు. తీసుకున్నవాడు ఆ బండిని వరస తప్పనివ్వకూడదు. ఏ ఊరివాడు, ఏ కులంవాడు అని ఎవరూ అడగరు. మామూలుగా అది ఒక అరగంట మాట.

అర్ధనారి దిగి, తలుపు పట్టుకొని నిలబడిపోయి ఉంటే పిచ్చైముత్తు వచ్చి విషయం అడిగాడు. విన్నాక, "ఇంకా ఇక్కడ నిలబడి ఏం చేస్తున్నావురా? తాళం ఇటు తే" అన్నాడు.

"గేటు దగ్గర లైసెన్సు అడుగుతారన్నా."

"అదీ ఇటు తే. గేటు చీటీ కూడా తే. నీ బండి లోపల పెట్టించి, అప్పుడొచ్చి నాది పెట్టుకుంటా. నాకు ఒంటిగంటకి కదా." లైసెన్సు తీసుకొని దూరంగా పట్టుకొని చూశాడు. "ఎప్పటి ఫొటోరా ఇది? చెంపలు లోపలికి, మీసం బయటికి. ఇందులో ఉన్నది నువ్వో నేనో మీ అమ్మే చెప్పాలి." అనేసి నాలుక కరుచుకున్నాడు. ఆ తర్వాత వాడి భుజం పట్టి రోడ్డు వైపు తోశాడు. "పో. బస్సు పోతుంది. పో నాయనా."

ఆ గేటు దగ్గర చూసేది బండి నంబరు, చీటీ, లైసెన్సు మీద పేరు. మనిషి మొహం చూసినవాడు లేడు. అందుకని వాళ్లు చేసిన పనిలో వాళ్లకు తప్పేమీ కనిపించలేదు. కానీ రెండు రోజుల కిందటే అక్కడ మొహం చూసే కెమెరా పెట్టారు. లోపలికి వెళ్లిన లారీలు ఇంకో గేటు నుంచి బయటికి పోతాయి. కొత్తగా ఏం పెట్టారో వెనక్కి వచ్చి వరసలో ఉన్నవాళ్లకు చెప్పే మనిషి లేడు.

ఇంటి దగ్గర మేము ఎదురుచూస్తున్నాం. ఐసు పెట్టె వచ్చింది. దాని మోటారు చప్పుడు ఆగి ఆగి వస్తోంది. వీధిలో ఆడవాళ్లు అమ్మ తల దగ్గర చేరి ఆమె గుణాలన్నీ చెప్పి ఏడుస్తున్నారు. "బండెంబడి నడిచి బువ్వ పెట్టిన తల్లీ" అని ఒకామె రాగం తీస్తే సుగంధి లేచి లోపలికి వెళ్లిపోయింది. అర్ధనారి మధ్యమధ్యలో ఫోన్ చేస్తున్నాడు. వేలూరు వచ్చింది. ఆంబూరు దాటాం. కృష్ణగిరిలో బస్సు మారాను. ఫోన్ వచ్చిన ప్రతిసారీ మామ తల ఎత్తి, "ఎక్కడున్నాడట?" అని అడిగేవాడు. నేను ఊరి పేరు చెప్పేవాణ్ణి. కృష్ణగిరి అన్నప్పుడు ఆయన కర్ర తీసుకొని లేచి, "నీళ్లకి కుండలు కడిగించండి. వాడు వచ్చేస్తున్నాడు" అని ఆడవాళ్లతో చెప్పాడు.

పదకొండు దాటిన తర్వాత వచ్చిన ఫోన్‌లో వాడు ఊరి పేరు చెప్పలేదు.

"అన్నా, పిచ్చైముత్తు అన్నని పట్టుకున్నారు."

"ఎవరు?"

"గేటు దగ్గర. కెమెరా పెట్టారట. మొహం కలవలేదు. వేరేవాడి లైసెన్సుతో బండి లోపలికి తెచ్చాడని గేటు గదిలో కింద కూర్చోబెట్టారు. నేను వచ్చి నాదే బండని చెప్పాలట. సాయంత్రం నాలుగున్నర దాకా చూస్తారట, ఆ తర్వాత పోలీసుకిచ్చేస్తారట."

"నువ్వెక్కడున్నావు?"

"ధర్మపురి స్టాండులో బస్సు ఆగింది."

"దిగకు" అన్నాను.

ఫోన్‌లో బస్సు తలుపు చప్పుడయింది.

"అర్ధనారీ, దిగకు. ఇంకెంతరా, రెండు మూడు గంటలు. అమ్మకి నిప్పు పెట్టు. పెట్టగానే నేనూ నీతో వస్తాను. పోలీసు స్టేషనుకైనా వస్తాను, ఆ పెద్దాయన కాళ్లయినా పట్టుకుంటాను."

"ఆయన బండి తాళం కూడా ఆయన జేబులోనే ఉందన్నా. బండి వరసలో అడ్డంగా ఉంది. వెనకోళ్లు తిడుతున్నారట. ఆయనకి బీపీ ఉంది."

"ఓనరుతో నేను మాట్లాడతాను."

"మాట్లాడాను. నీ లైసెన్సు, నీ మొహం, నువ్వే పోయి చూసుకో అన్నాడు."

"ఆ గేటువాళ్లకి ఫోన్ ఇవ్వమను. విషయం నేను చెబుతాను."

"చెప్పాను. సంతాపం అన్నాడు. రూలు ఒప్పుకోదన్నాడు." ఫోన్‌లో కండక్టరు, "సేలం, సేలం, ఎక్కేవాళ్లు ఎక్కండి" అని అరుస్తున్నాడు. "తాళం ఇచ్చాను, ఆయన తీసుకున్నాడు. అంతేగదన్నా ఆయన చేసింది."

సేలం బస్సు కదిలి వెళ్లిన చప్పుడు వినిపించింది.

"నువ్వు పెట్టెయ్యన్నా" అన్నాడు. ఫోన్ పెట్టెయ్యమన్నాడనుకున్నాను. వాడే పెట్టేశాక, అన్నది నిప్పు గురించని అర్థమైంది.

మామకు చెప్పాను. "ఎవడో కరూరోడి కోసం కన్నతల్లిని వదిలి పోయాడా?" అన్నాడు. గట్టిగానే అన్నాడు. వాకిట్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. రెండింటికి లేచి, "నీళ్లకి పద" అని నాతో అన్నాడు. కుండ నేను ఎత్తుకున్నాను.

ఆ మధ్యాహ్నం జరిగినవన్నీ పద్ధతి ప్రకారం జరిగాయి. స్నానం చేయించారు. పుట్టింటి చీర మామ కప్పాడు. మనవలు లేరు కాబట్టి దీపాలు పక్కింటి పిల్లలు పట్టుకున్నారు. నోట్లో బియ్యం వేసేటప్పుడు నేను రెండుసార్లు వేశాను. రెండోసారి ఎవరి తరపున వేశానో అడిగినవాళ్లు లేరు. నాలుగు కాగానే, శవాన్ని తీసుకెళ్లే వ్యాను డ్రైవరు వచ్చి నా చెవిలో, "సార్, దారిలో రైలు గేటుంది. పడితే కష్టం" అన్నాడు.

రైలు గేటు పడలేదు. ఇంకా వ్యవధి ఉండగానే చేరాం. మా వెనకే ఇంకో వ్యాను వచ్చి గోడ పక్కన ఆగింది. అందులోవాళ్లు దిగకుండా మావైపు చూస్తూ కూర్చున్నారు. వాళ్లలో ఒక ఆడమనిషి చేతిలో పూలదండ ఉంది. ఇనుప బండి మీద అమ్మను పడుకోబెట్టారు. అక్కడ పనిచేసే మనిషి కర్పూరం బిళ్ల నా చేతిలో పెట్టి, "గుండె మీద పెట్టి పక్కకి జరగండి సార్" అన్నాడు.

మామ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "చిన్నోడి పేరు చెప్పి పెట్టు" అన్నాడు.

అర్ధనారి పేరు చెప్పి పెట్టాను. బండి లోపలికి వెళ్లింది. తలుపు దిగింది. బయట గోడ మీద ఉన్న గడియారం ఐదు చూపిస్తోంది.

చీకటి పడ్డాక వాడి నుంచి రెండు మాటలే వచ్చాయి. దింపేశాను, బండితో వస్తున్నా అని.

మర్నాడు అస్థికలు ఎనిమిదికి ఇస్తామన్నారు. నేనూ మామా ఆటోలో వెళ్లేసరికి దహనవాటిక గేటు ముందు లారీ నిలబడి ఉంది. గేటు మూసి ఉంది. వాచ్‌మన్ కింద నిలబడి పైకి చూస్తూ అరుస్తున్నాడు.

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా? లారీ ఇక్కడ పెట్టకూడదు. ఎనిమిదికి ముందు గేటు తియ్యను. ఎంత ముందొస్తే మాత్రం ఏం లాభం?"

అర్ధనారి సీట్లో కూర్చుని గేటు వంక చూస్తున్నాడు. ఆ మనిషి మాటలు వాడికి వినిపిస్తున్నట్టు లేదు. నన్ను చూసి దిగాడు. మామ ఏదో అనాలని దారంతా కూడబలుక్కుంటూనే వచ్చాడు. వాడి మొహం చూశాక చెయ్యి వాడి తల మీద పెట్టి తీసేశాడు.

"ఎప్పుడొచ్చావురా?" అని అడిగాను.

"తెల్లారకముందే. ఇంటికి రావాలనిపించలా." లారీ తలుపు వేసి, "టోల్‌గేటు దగ్గర నెమ్మది చేశానన్నా. అలవాటుకి" అన్నాడు.

ఎనిమిదికి గేటు తీశారు. ఎర్రగుడ్డ కట్టిన మట్టికుండ తెచ్చి, "ఎవరికివ్వాలి?" అని అడిగారు. వాడికి ఇమ్మన్నాను. రెండు చేతులతో తీసుకొని, "వేడిగా ఉంది" అన్నాడు. బయటికి నడిచి, లారీ మెట్టు మీద కూర్చుని, కుండ ఒళ్లో పెట్టుకున్నాడు. మామ కళ్లు తుడుచుకుంటూ ఆటో వైపు వెళ్లాడు. నేను వాడి పక్కన నిలబడ్డాను.

"పిచ్చైముత్తు ఏమయ్యాడు?"

"వదిలేశారు. నన్ను చూడగానే కొట్టడానికి వచ్చాడు. 'ఎందుకొచ్చావురా దరిద్రుడా? పోలీసోడు నన్నేం చేస్తాడు, పళ్లూడగొడతాడా? ఉన్నవే నాలుగు. నీకు నేనేమవుతానని వచ్చావు?' అని తిట్టాడు. తిడుతూనే ఏడ్చాడు. ఆయన బండిని వరస చివరికి పంపారు. ఇద్దరి ఫొటోలూ తీసుకున్నారన్నా. ఇంక ఆ గేటు దగ్గరికి మమ్మల్ని రానివ్వరట. ఓనరు బండి తాళం సాయంత్రం తెచ్చిమ్మన్నాడు."

ఈ మాటలన్నీ పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. తర్వాత చెయ్యి వెనక్కి పెట్టి సీటు కింద నుంచి ఒక సంచి తీశాడు. గురువారం అమ్మ ఇచ్చిన సంచి. అందులోంచి స్టీలు గిన్నె తీసి మూత తెరిచాడు. నువ్వుల నూనె వాసన వచ్చింది. పులిహోర నిండుగా ఉంది. పైన వేరుశనగ పప్పులు చెదరకుండా అలాగే ఉన్నాయి.

"తిన్నానన్నావు గదరా" అన్నాను.

"వరసలో తిననన్నా. కడుపు కదిలితే బండి వదిలి ఎక్కడికి పోను? నీళ్లు కూడా తాగను. దింపాకే తింటా."

"మరి అమ్మతో..."

"ఎప్పుడూ అలాగే చెబుతా. లేకపోతే ఆమె నిద్రపోదు."

చేత్తో కొంచెం తీసుకొని నోట్లో పెట్టుకున్నాడు.

"వద్దురా. మూడో రోజు. పాడైపోయుంటుంది."

"మూడు రోజులుంటుందంది" అన్నాడు. నమిలి మింగాడు. మళ్లీ తీసుకున్నాడు. ఆకలితో తింటున్నవాడిలా లేడు. ఎవరో అప్పజెప్పిన పని పూర్తి చేస్తున్నట్టు తింటున్నాడు. కుండ ఒళ్లోనే ఉంది.

సగం తిన్నాక అడిగాడు, "నిప్పు ఎప్పుడు పెట్టావన్నా?"

"ఐదుకి."

"ఐదుకి నాచేత బండి వెనక్కి పెట్టిస్తున్నారు. దింపే అరుగు దగ్గర ఒకడు నిలబడి రా, రా, ఇంకా రా అంటున్నాడు. ఎంత రమ్మన్నాడో అంతే వెళ్లాను. చక్కగా ఆనింది. 'బాగా పెట్టావు' అన్నాడు."

నేను వాడి భుజం మీద చెయ్యి వేయాలనుకున్నాను. ఆ వేళకు వాచ్‌మన్ మళ్లీ వచ్చాడు. మా వెనక రోడ్డు మీద ఒక వ్యాను ఆగి ఉంది. దాని అద్దానికి పూలదండ వేలాడుతోంది.

"లారీ తియ్యండయ్యా. తొమ్మిదివాళ్లు వచ్చేశారు. దారికి అడ్డంగా పెట్టుకుని ఏంటిది?"

అర్ధనారి గిన్నె మెట్టు మీద పెట్టి, ఒక చేత్తో కుండ పట్టుకొని లేచి లారీ వైపు తిరిగాడు. ఇంకో చేతికి నూనె అంటుకొని ఉంది. ఆ చేత్తోనే జేబులోంచి తాళంచెవి తీసి, చూడకుండా చెయ్యి వెనక్కి చాపాడు. వెనక ఉన్నది నేనొక్కణ్ణే. తీసుకున్నాను. నాకు బండి నడపడం రాదు.

వాడు తిరిగి చూసి, నా చేతిలో నుంచి తాళంచెవి తీసుకున్నాడు. గిన్నె మూత పెట్టాడు. కుండ నాకిచ్చి, పైకెక్కి, బండి జరిపాడు.